పెద్దవాళ్లు ఆటలెందుకు మానేస్తారు? జంషెడ్‌పూర్ నుంచి ఒక పరిశీలన



ఆటలూ ఆరోగ్యమూ అనగానే మనం పిల్లల గురించే మాట్లాడుకుంటాం. బడిలో ఆటల పీరియడ్ ఉండాలనీ, కాలేజీలో మైదానం ఉండాలనీ అంటాం. ఈనాటి ప్రసంగం మీ గురించి కాదు, మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల గురించి. ఒకప్పుడు ఆడినవాళ్లు ఎందుకు మానేశారు? మానేసినవాళ్లలో కొందరు మళ్లీ ఎలా మొదలుపెట్టగలిగారు? ఈ రెండు ప్రశ్నలే మన పాఠ్యాంశం. అయితే ఇంకో అయిదారేళ్లలో ఈ ప్రశ్నలు మీకూ వర్తిస్తాయి కనుక, మీ గురించి అస్సలు కాదని కూడా అనలేను.

ముందుగా సమస్య ఎంత పెద్దదో చూద్దాం. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమతోనో, 75 నిమిషాలు గట్టి శ్రమతోనో శరీరాన్ని కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సంస్థ పరిశోధకులు 2024లో వెలువరించిన అంచనాల ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలోని పెద్దవాళ్లలో 31 శాతం మంది ఈ కనీస స్థాయిని అందుకోవడం లేదు. మన దేశంలోనైతే దాదాపు సగం మంది. స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం. 2000 సంవత్సరంలో దేశం మొత్తం మీద ఇది 22 శాతం మాత్రమే ఉండేది. ఈ లెక్కలో ఆటలే కాక నడక, సైకిలు, పొలం పని, ఇంటి పని, ఫ్యాక్టరీ పని అన్నీ కలిసి ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆటలను మాత్రమే విడదీసి చూస్తే పరిస్థితి ఇంకా పలచగానే ఉంటుంది.

దీనికి కారణమేమిటని అడిగితే చాలామంది వెంటనే చెప్పే జవాబు, "మైదానాలు లేవండీ" అని. నిజమే, మన నగరాల్లో ఖాళీ స్థలం కనబడితే అపార్టుమెంటు లేస్తోంది. కానీ ఇదొక్కటే కారణమైతే, మైదానాలు పుష్కలంగా ఉన్న ఊళ్లో పెద్దవాళ్లందరూ ఆడుతూ ఉండాలి కదా? ఈ సంగతి తేల్చుకోవడానికే మిమ్మల్ని జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు తీసుకువెళుతున్నాను.

ఆ ఊరు పుట్టకముందే దానికి మైదానాలు రాసిపెట్టి ఉన్నాయి. జంషెడ్జీ టాటా 1902లో కొడుకు దోరాబ్జీకి రాసిన ఒక ఉత్తరంలో, రాబోయే ఉక్కు నగరంలో నీడనిచ్చే చెట్లతో విశాలమైన వీధులు ఉండాలనీ, పార్కులతో పాటు ఫుట్‌బాల్‌కూ హాకీకీ పెద్ద పెద్ద స్థలాలు కేటాయించాలనీ కోరాడు. 1904లో ఆయన పోయాడు. అప్పటికి కర్మాగారం ఎక్కడ కట్టాలో కూడా తేలలేదు. తరువాత సాక్చి అనే చిన్న గ్రామం దగ్గర కర్మాగారం వచ్చింది, 1912లో ఉక్కు తయారైంది, 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. దోరాబ్జీకి ఆటలంటే ప్రాణం. 1920లో యాంట్‌వర్ప్ ఒలింపిక్స్‌కు భారతీయ క్రీడాకారులను పంపడానికి ముందు నిలిచినవాడు, భారత ఒలింపిక్ సంఘానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ తరువాత కీనన్ స్టేడియం, జూబిలీ పార్కు, జె.ఆర్.డి. టాటా క్రీడా ప్రాంగణం, 1987లో ఫుట్‌బాల్ అకాడమీ, 1996లో ఆర్చరీ అకాడమీ, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మన విలుకాళ్లలో మేటి అయిన దీపికా కుమారి ఆ ఆర్చరీ అకాడమీలో తేలినదే.

మైదానాల కన్నా ముఖ్యమైనది ఇంకొకటి కూడా ఆ ఊళ్లో ముందుగానే వచ్చింది. అది రోజుకు ఎనిమిది గంటల పని. 1912లోనే అక్కడ ఈ పద్ధతి పెట్టారు. దేశమంతటా చట్టంగా రావడానికి 1948 ఫ్యాక్టరీల చట్టం దాకా ఆగవలసి వచ్చింది. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడినవాడికి ఎంత మంచి మైదానం చూపించినా పడుకోవడానికే పనికొస్తుంది. ఎనిమిది గంటలకు పని దిగినవాడికి ఇంకా కొంత పొద్దు మిగులుతుంది. పెద్దవాళ్ల ఆటల చరిత్ర రాయదలచినవారెవరైనా పని గంటల చరిత్రతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

అంటే స్థలముంది, పొద్దుంది, ప్రోత్సహించే పెద్దలున్నారు. అయినా ఆ ఊళ్లోనూ సాయంత్రం పూట మైదానాల అంచున బెంచీల మీద, మోటారు సైకిళ్లకు ఆనుకుని, పిల్లల కోసం ఎదురుచూస్తూ పెద్దవాళ్లు కనిపిస్తారు. లోపల పిల్లలు ఆడుతుంటారు, బయట తల్లిదండ్రులు నీళ్ల సీసాలు పట్టుకుని ఉంటారు.

జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరాల క్రితమే పని కోసం వెళ్లిన కుటుంబాలవి. మా పెద్దనాన్నగారి కుటుంబం కూడా అలా వెళ్లినదే. సెలవులకు అక్కడికి పోయినప్పుడు మా అన్నయ్య వాలీబాల్ ఆట చూడడం నాకో పండగ. నెట్ దగ్గర లేచి కొట్టాడంటే బంతి అవతల నేలను గుద్దుకుని పైకి లేచేది. ఇరవై ఏడేళ్లకల్లా మానేశాడు. చాలాకాలం తరువాత ఒకసారి నేనడిగాను, "ఏం అన్నయ్యా, సాయంత్రాలు ఆడొచ్చు కదా" అని. "ఇప్పుడు నేనేటి ఆడతానురా, పిల్లలాడుకోవాలి గానీ" అన్నాడు. అప్పటికి ఆయన వయసు నలభై కూడా లేదు.

ఆ జవాబు నిజానికి చివరి కారణం. దానికి ముందు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పుదాం.

మొదటిది షిఫ్టులు. అన్నయ్య పని చేసిన చోట మూడు షిఫ్టులు. ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి తెల్లవారి ఆరు. ఇవి వంతుల మీద మారుతుంటాయి. మీలో గణితం చదివేవాళ్లున్నారు కదా, ఒక చిన్న లెక్క చేద్దాం. సాయంత్రం అయిదింటికి వాలీబాల్ ఆడాలంటే మధ్య షిఫ్టులో ఉన్నవాడు రాలేడు. ఒక్కొక్కడు ఖాళీగా ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. జట్టులో ఆరుగురూ వేరువేరు విభాగాల వాళ్లు, ఒకరి వంతుతో ఇంకొకరి వంతుకు సంబంధం లేదనుకుందాం. ఆరుగురూ ఒకే సాయంత్రం ఖాళీగా దొరికే సంభావ్యత మూడింట రెండును ఆరుసార్లు గుణిస్తే వస్తుంది. అంటే 729లో 64, నూటికి సుమారు తొమ్మిది. నెలలో రెండు మూడు సాయంత్రాలన్నమాట. అందులోనూ రాత్రి షిఫ్టుకు వెళ్లవలసినవాడు ఆ వేళకు నిద్రపోవాలి. వారాంతపు సెలవులు కలపని మోటు లెక్క ఇది. అయినా సంగతి తెలుస్తుంది. జట్టును చెడగొట్టడానికి ఎవరి బద్ధకమూ అక్కర్లేదు, కాలపట్టిక ఒక్కటి చాలు.

అదే లెక్క బ్యాడ్మింటన్‌కు వేయండి. ఇద్దరు చాలు. తొమ్మిదింట నాలుగు, అంటే నూటికి నలభై నాలుగు. ఇక నడకకూ పరుగుకూ రెండో మనిషే అక్కర్లేదు. పెద్దవాళ్లు ఎక్కువగా నడకలోనూ బ్యాడ్మింటన్‌లోనూ కనిపించడానికి, ఫుట్‌బాల్‌లో కనిపించకపోవడానికి వయసూ మోకాళ్లూ ఎంత కారణమో, ఈ లెక్క కూడా అంతే కారణం. జూబిలీ పార్కులో తెల్లవారుజామున నడిచేవాళ్లు అంతమంది ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఉద్యోగాలలో చేరబోయే మీరు ఒక జట్టు ఆటతో పాటు, ఒంటరిగానో ఇద్దరుగానో ఆడగల ఆట ఒకటి చేతిలో ఉంచుకోండని నేను తరగతిలో చెబుతుంటాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

రెండో కారణం ఇల్లు. ఇక్కడ అన్నయ్యను వదిలి వదిన దగ్గరకు వద్దాం. వాళ్లబ్బాయి ఫుట్‌బాల్ నేర్చుకునేవాడు. వారానికి నాలుగు సాయంత్రాలు వదిన వాణ్ణి తీసుకువెళ్లి గంటన్నర బెంచీ మీద కూర్చునేవారు. "ఆ గంటన్నరా మీరూ మైదానం చుట్టూ నడవొచ్చు కదా వదినా" అంటే, "చీర కట్టుకుని ఆ పిల్లల ముందు చక్కర్లు కొట్టమంటావా? అయినా ఇంటికెళ్లి కూర వండాలయ్యా, ఓపిక ఉండొద్దూ" అన్నారు. ఈ ఒక్క మాటలో రెండు ఆటంకాలున్నాయి. చూసేవాళ్లు ఏమనుకుంటారో అన్న జంకు ఒకటి, ఇంకా మిగిలి ఉన్న పని ఒకటి.

మిగిలిన పని ఎంతో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చించారు. అవే పనుల్లో పాల్గొన్న పురుషులు 88 నిమిషాలు. తేడా మూడు గంటలకు పైమాటే. స్త్రీలకు ఆటల మీద ఆసక్తి లేదు అనేవాళ్ల ముందు ఈ రెండు అంకెలూ పెట్టి, ఆ మూడు గంటలూ ఇచ్చి చూశాక మాట్లాడదాం అనాలి.

జంకు సంగతికి వస్తే, అది మన దగ్గరే ఉన్నదనుకోకండి. ఇంగ్లాండులో స్త్రీలు ఆటలకు ఎందుకు దూరంగా ఉంటున్నారని అక్కడి క్రీడా సంస్థ ఆరా తీసింది. ఎలా కనిపిస్తామో, చేతగాదని నవ్వుతారేమో, కుటుంబాన్ని పట్టించుకోవడం లేదంటారేమో అన్న భయాలే ప్రధానంగా బయటపడ్డాయి. 2015లో వాళ్లు మొదలుపెట్టిన ప్రచారంలో సన్నగా మెరిసిపోయే క్రీడాకారిణులకు బదులు, చెమటలు కక్కుతూ ఎర్రబడిన ముఖాలతో పరుగెత్తే మామూలు ఆడవాళ్లను చూపించారు. మా వదిన మాటా లండన్ ఆవిడ మాటా ఒకటే కావడం నాకు కొంచెం ఊరటగానూ, చాలా దిగులుగానూ అనిపించింది.

ఇప్పుడు మళ్లీ బెంచీ దగ్గరకు వద్దాం. ఎందుకంటే జంషెడ్‌పూర్‌లోనే ఒక తల్లి అలాంటి బెంచీ మీది నుంచి లేచి చాలా దూరం వెళ్లింది. పేరు ప్రేమలతా అగర్వాల్. దార్జిలింగ్ ప్రాంతంలో పుట్టి, పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన గృహిణి. ఇద్దరు కూతుళ్లు. 1999లో కూతురి ఆట శిక్షణ కోసం జె.ఆర్.డి. టాటా ప్రాంగణానికి వెళ్లినప్పుడు, ఊరికి దగ్గరున్న దల్మా కొండ ఎక్కే పోటీ గురించి ఆమె కంటబడింది. తానూ పేరు ఇచ్చింది. అప్పటికి ఆమెకు సుమారు ముప్పై ఆరేళ్లు. పర్వతారోహణలో ఓనమాలు కూడా తెలియవు. ఆ సందర్భంగానే బచేంద్రీ పాల్ పరిచయమైంది.

బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ. ఆ తరువాత జంషెడ్‌పూర్‌లో సాహస క్రీడల సంస్థను దశాబ్దాలపాటు నడిపింది. ప్రేమలతను ఆమె ప్రోత్సహించింది. ఇంటి బాధ్యతలు చూసుకుంటూనే ప్రేమలత ఉత్తరకాశీలో శిక్షణ తీసుకుంది. 2004లో నేపాల్‌లోని ఐలాండ్ పీక్, 2008లో ఆఫ్రికాలోని కిలిమంజారో ఎక్కింది. 2011 మే 20న ఎవరెస్టు శిఖరం మీద నిలిచింది. వయసు 48. అప్పటికి ఎవరెస్టు ఎక్కిన భారతీయ మహిళలలో అందరికన్నా పెద్దది ఆమే. ఆ రికార్డును 2018లో 53 ఏళ్ల సంగీతా బహల్ దాటింది. ప్రేమలత 2013లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తిచేసింది. అదే సంవత్సరం పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను సాధారణంగా ఎవరెస్టు వైపు నుంచి చెబుతారు. నేను దల్మా వైపు నుంచి చూడమంటాను. మన ప్రశ్నకు జవాబు అక్కడుంది. ఆమె ఆ రోజు శిఖరం ఎక్కాలని బయలుదేరలేదు. కూతురి కోసం ఎలాగూ వెళ్లవలసిన చోటే ఆ అవకాశం కంటబడింది. కొండ ఇంటికి దగ్గర్లోనే ఉంది, ఒక్క రోజు పని. పాల్గొనడానికి ముందస్తు అర్హత అక్కర్లేదు. ముగించాక, "ఇంకొకటి ప్రయత్నించు" అనే మనిషి దొరికింది. ఆ మనిషి కూడా ఒక స్త్రీ. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆమె బెంచీ మీదే ఉండిపోయేదేమో.

మనస్తత్వ శాస్త్రం చదివే విద్యార్థులకు ఇక్కడ ఆల్బర్ట్ బండూరా గుర్తుకు రావాలి. 'నేనిది చేయగలను' అని ఒక పని విషయంలో మనిషికి ఉండే నమ్మకాన్ని ఆయన 1977లో సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. మనం దాన్ని స్వసామర్థ్య విశ్వాసం అందాం. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? అన్నిటికన్నా బలంగా, స్వయంగా చేసి చూసిన చిన్న విజయం నుంచి. ఆ తరువాత, మనలాంటి వాళ్లు చేయడం చూడడం నుంచి. గురి ఉన్నవాళ్లు చెప్పే మాట నుంచి. చివరగా, మన శరీరం ఇచ్చే సంకేతాలను మనం ఎలా అర్థం చేసుకుంటామన్న దాని నుంచి. 'మనలాంటి వాళ్లు' అన్న మాటను అడుగు గీసి పెట్టుకోండి. ఇరవై ఏళ్ల అకాడమీ కుర్రాడు గోల్ కొడితే మా అన్నయ్య చప్పట్లు కొడతాడు, అంతే. పక్క వీధి నలభై ఏళ్ల మనిషి ఆయాసపడుతూ ఒక చుట్టు పూర్తిచేస్తేనే, 'అయితే నేనూ' అనుకుంటాడు.

అందుకే ఛాంపియన్లను చూపిస్తే పెద్దవాళ్లు ఆటల్లోకి వస్తారన్న నమ్మకం నాకు లేదు. అకాడమీలు ఉండాలి, ఎంపికలూ ఉండాలి. అవి లేనిదే దీపికా కుమారి లేదు. అయితే ఎంపిక అన్న మాట వినగానే నూటికి తొంభై తొమ్మిది మందికి తాము ఎంపిక కానివాళ్లమని పదమూడేళ్లకే తెలిసిపోతుంది. ఆ తీర్పును వాళ్లు నలభయ్యో ఏట కూడా మోస్తుంటారు. నా సంగతే చెబుతాను. నేను చదివిన బడిలో కబడ్డీ జట్టును ఎంచేటప్పుడు ఒక మాస్టారు నన్ను చూసి, "వీడు స్కోరు రాయడానికి పనికొస్తాడు" అన్నారు. ఆయన సరదాకే అని ఉంటారు. నేను మాత్రం పదేళ్లు స్కోర్లే రాశాను.

బండూరా చెప్పిన శరీర సంకేతాల సంగతి ఇంకొంచెం. ఆట మానేసి పదేళ్లయిన మనిషి ఒక ఉదయం ఉత్సాహంగా వెళ్లి, ఇరవై రెండేళ్లప్పటి వేగంతో పరుగెత్తుతాడు. గుండె దడదడలాడుతుంది, పిక్క పట్టేస్తుంది. 'నా పని అయిపోయింది' అనుకుని ఇంటికి వస్తాడు. నిజానికి ఆ దడ అలవాటు తప్పిన శరీరం సహజంగా చూపే స్పందనే కావచ్చు. బీపీ, గుండె జబ్బు, మధుమేహం లాంటివి ఉన్నవాళ్లు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపాలి. మిగతావాళ్లకు కావలసింది నెమ్మదిగా మొదలుపెట్టడమే. అన్నయ్య విషయంలో జరిగిందీ ఇదే. చాలారోజుల విరామం తరువాత ఒక పండగ పోటీలో దిగి మోకాలు మెలిపెట్టుకున్నాడు. అక్కడితో, పిల్లలాడుకోవాలి అన్న సిద్ధాంతం పుట్టింది.

మరి పెద్దవాళ్లను పిలిచే ఏర్పాటు ఎలా ఉండాలి? లండన్‌లోని బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న పదమూడు మంది కలిసి అయిదు కిలోమీటర్లు పరుగెత్తారు. అది వారం వారం సాగి, పార్క్‌రన్ అన్న పేరుతో అనేక దేశాలకు పాకింది. రుసుము లేదు, ఎంపిక లేదు, నడిచినా ఫరవాలేదు. నాకు బాగా నచ్చినది ఒక చిన్న ఏర్పాటు. అందరి వెనకాల ఒక వాలంటీరు నడుస్తాడు. ఆఖరున గీత దాటేది ఎప్పుడూ అతనే. అంటే వచ్చినవాళ్లలో ఎవరూ చివరివాళ్లు కారు. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయానికి ఇంత చవకైన మందు నేనింకెక్కడా చూడలేదు. జంషెడ్‌పూర్‌లో జరిగే పరుగు పోటీల్లో కూడా పది కిలోమీటర్లతో పాటు చిన్న దూరాలు పెడతారు. ఆ చిన్న దూరాల్లోనే చీరలూ, చుడీదార్లూ, తాతల టోపీలూ ఎక్కువ కనిపిస్తాయి.

ఇంకొక పిలుపు గురించి కూడా చెప్పాలి. 2022 మార్చిలో బచేంద్రీ పాల్, అప్పటికి తన వయసు 67, యాభై దాటిన స్త్రీల బృందాన్ని వెంటబెట్టుకుని హిమాలయాల వెంట బయలుదేరింది. అరుణాచల్ ప్రదేశ్‌లో మొదలై, నెలల తరబడి కనుమ తరువాత కనుమ దాటుతూ దాదాపు 4,800 కిలోమీటర్లు నడిచి లడాఖ్‌లో ముగించారు. బృందంలో గృహిణులూ ఉన్నారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాకే సమయం దొరికిన తరం అది. పెళ్లితో, పిల్లలతో ఆగిపోయిన ఆట యాభై తరువాత మళ్లీ మొదలుకావచ్చు. కాకపోతే ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలి.

అన్నయ్య గురించి చెప్పి ముగిస్తాను. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆయన వాలీబాల్ జోలికి పోలేదు. ఒకసారి పక్కింటాయన షటిల్ రాకెట్ పట్టుకొచ్చి, "నాలుగో మనిషి తక్కువయ్యాడు, కాస్త నిలబడండి చాలు" అన్నాడట. ఆడమని అడిగితే అన్నయ్య కాదనేవాడు. నిలబడమన్నాడు కనుక వెళ్లాడు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వెళుతున్నాడు. వదిన మాత్రం ఇంకా వెళ్లడం లేదు. మొన్న ఫోనులో అడిగితే, "మీ అన్నయ్య ఆడి వచ్చేసరికి టిఫిను సిద్ధంగా ఉండాలి కదయ్యా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఫోను అన్నయ్యకు ఇమ్మన్నాను.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ ఇంట్లో కానీ వీధిలో కానీ నలభై దాటిన అయిదుగురిని, వారిలో కనీసం ముగ్గురు స్త్రీలను ఎంచుకుని, మూడు ప్రశ్నలు అడగండి. చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారు? ఆఖరిసారి ఎప్పుడు ఆడారు? ఆ తరువాతి రోజు ఎందుకు వెళ్లలేదు? వాళ్ల జవాబులను వాళ్ల మాటల్లోనే రాసుకురండి. 'టైము లేదు' అని ఎవరైనా అంటే అక్కడితో ఆపకండి, ఆ టైము ఎక్కడికి పోయిందో కూడా అడగండి. అమ్మమ్మలనూ నానమ్మలనూ తప్పకుండా అడగండి. తొక్కుడు బిళ్ల, గచ్చకాయలు, ఒప్పులకుప్ప చెప్పినా రాసుకోండి. ఆ జవాబులతోనే వచ్చే పాఠం మొదలుపెడదాం.

సెలవు.